కువలయ తొలి తుపాకి

తూర్పు కొండల మీద సూర్యుడు తల ఎత్తీ ఎత్తకముందే శరభగిరి కోట బురుజులు బంగారు నీళ్లలో ముంచి తీసినట్టు మెరిశాయి. ఎర్రరాతి ప్రాకారాల మీద పచ్చని పతాకాలు రెపరెపలాడాయి. గజశాల ముందు ఏనుగులు తొండాలతో నీళ్లు చిమ్ముకుంటుంటే ఆ తుంపరల్లో చిన్న చిన్న హరివిల్లులు పుట్టి మాయమయ్యాయి. చంద్రకాంత శిలలు పరిచిన సభామండపంలో నెమళ్లు తమ నీడలను తామే చూసుకుని మురిసిపోతూ తిరిగాయి. ఇంత వైభవం మధ్య సింహాసనం ఒక్కటే ఖాళీ. దాని మీద వసంతకేతు మహారాజు తలపాగా ఉంది. సేవకులు రోజూ పొద్దున్నే దాని దుమ్ము దులిపి మళ్లీ అక్కడే పెడుతున్నారు.

వేటకు వెళ్లిన రాజు ఏమయ్యాడో కోటలో ఒక్కరికీ తెలియదు. మనకు తెలుసు. ధూమగుహలో కాపురముండే భస్మజిహ్వుడనే మాంత్రికుడు, అడవిలో ఒంటరిగా చిక్కిన రాజు మెడలో మంత్రించిన నల్లదారం వేసి మనుబోతుగా, అంటే నీలగాయిగా, మార్చేశాడు. ఆ దారం ముడిని మనిషి చేత్తో విప్పితే రాజు మళ్లీ రాజే. ముడితో సహా అది ధూమగుహ నిప్పులో పడితే జన్మంతా మృగమే. మాంత్రికుడికి ఈ రెండూ అక్కర్లేదు, వాడి ఆశ మూడోదాని మీద. కన్నబిడ్డ చేతి గుండు తగిలి ఆ మనుబోతు చస్తే రాజు రూపం వచ్చి మాంత్రికుడికి అంటుకుంటుంది. అప్పుడు దర్జాగా గుర్రమెక్కి కోటకు వచ్చి, దుమ్ము దులిపి సిద్ధంగా పెట్టిన తలపాగా నెత్తిన పెట్టుకోవచ్చు.

అందుకే వాడు దండకేతుడనే పేరుతో వేటదొర కొలువు సంపాదించి కోటలో తిష్ట వేశాడు. మెలితిప్పిన మీసం, పులితోలు అంగరఖా, గంభీరమైన గొంతు, వేషమైతే బాగానే కుదిరింది. ఒంటి నుంచి ఎప్పుడూ పొగవాసన వచ్చేది. తుపాకులతో తిరిగేవాడి దగ్గర పొగవాసన రాక మల్లెపూల వాసన వస్తుందా అని అందరూ సరిపెట్టుకున్నారు.

రాజుకు ఒక్కతే కూతురు, కువలయ. తల్లి పురిట్లోనే పోతే మేనత్త మల్లికాంబ పెంచింది. మల్లికాంబ రాజుకు అక్క. ఒకప్పుడు సరిహద్దు కనుమల్లో తుపాకిదళాన్ని నడిపిన మనిషి. ఎప్పుడూ తలకు ఎర్రగుడ్డ చుట్టుకుని ఉంటుంది. మాట కటువు, చెయ్యి చల్లన. ఎడమవైపు నిలబడి మాట్లాడితే సరిగ్గా వినపడదు కాబట్టి, ఆమెను పొగడదలచుకున్నవాళ్లు కుడివైపుకు వచ్చి పొగిడేవాళ్లు.

పట్టానికి రావలసిన బిడ్డకు పదేళ్లు నిండిన ఏటే తొలి తుపాకి ఇవ్వాలని, వానకారు పోయాక ఆ తుపాకితో తొలివేట ఆడించాలని శరభగిరి శాసనం. దానికి తోడు మరో ఆచారం ఉంది. అది ఈ భూమ్మీద ఇంకే రాజ్యంలోనూ లేదు, ఉండనక్కర్లేదు కూడా. ఒకసారి మందు నింపిన తుపాకిని పేల్చకుండా ఇంటికి తీసుకురాకూడదు, నింపిన మందును బయటికి తీయకూడదు. అలా చేస్తే రాజ్యానికి కీడు. అందువల్ల వేట దొరకని రోజున శరభగిరి వీరులు ఇంటిదారి పట్టేముందు ఏదో ఒకదాని మీద పేల్చి తీరేవాళ్లు. కాకులు, తాడిచెట్లు, కుమ్మరి ఆవం మీది కుండలు, ఒకసారి స్వయంగా సేనాపతిగారి గొడుగు, అన్నీ ఈ ఆచారానికి బలైనవే. పొద్దు వాలే వేళ ఊరి కుక్కలన్నీ మంచాల కింద దూరేవి. అయినా ఆ ఆచారం తప్పని ఎవరికీ తోచలేదు.

సరే, తొలి తుపాకి ఇచ్చే రోజు వచ్చింది. ఆయుధశాల తలుపులు తెరిచారు. గోడల నిండా తుపాకులు. ఏనుగు దంతం పొదిగినవి, వెండి తీగ చుట్టినవి, మొసలి నోరులా చెక్కినవి, ముట్టుకుంటేనే మాసిపోతాయేమో అనిపించేవి. వాటన్నిటి మధ్య పట్టుపీట మీద ఒక కొత్త తుపాకి ధగధగలాడుతోంది. గొట్టం పొడవునా బంగారు లతలు, మూతి దగ్గర సింహం తల, సింహం కళ్లలో కెంపులు.

"యువరాణీ, ఇది నా కానుక," అన్నాడు దండకేతుడు వంగి. "దీని గుండు దున్నపోతును కూడా నిలువునా పడగొడుతుంది. రాజబిడ్డలకు తగింది ఇదొక్కటే."

కువలయ కళ్లు సింహం కళ్లకన్నా ఎక్కువ మెరిశాయి. "అత్తా, ఇదే కావాలి నాకు."

మల్లికాంబ ముందు తుపాకి తన చేతిలోకి తీసుకుని, మూతిని నేలకు దించి, లోపలికి గజం వదిలి చూసింది. గజమంటే మందు, గుండు కూరే ఇనుపకడ్డీ. అది ఖాళీగా అడుగుదాకా దిగింది. అప్పుడు తుపాకి పిల్లకు ఇచ్చింది. "కుందా చివర నీ మోచేతి మడతలో ఆనించు తల్లీ. ఊఁ, ఇప్పుడు చెయ్యి చాపి మీట అందుకో."

కుందా అంటే తుపాకి కొయ్యభాగం. కువలయ వేలు మీటకు అందలేదు. ఎంత సాగదీసినా మధ్యలో జానెడు ఎడం మిగిలిపోయింది.

"పెరిగే పిల్ల కదా దేవీ," అన్నాడు దండకేతుడు. "రెండేళ్లలో సరిపోతుంది."

"పరికిణీ అయితే మడత కుట్టి ఇవ్వచ్చు, ఏటేటా ఒక మడత విప్పుకోవచ్చు. తుపాకిని ఎక్కడ కుడతావయ్యా?" అంది మల్లికాంబ. మళ్లీ కువలయ వైపు తిరిగింది. "సరే, భుజానికి ఎత్తి ఆ గోడ మీద మచ్చకు గురిపెట్టు. నేను లాలిపాట ఒక చరణం పాడేదాకా దించకూడదు."

ఆమె పాట మొదలుపెట్టింది. మల్లికాంబ గొంతులో లాలిపాట వింటే పడుకున్న పిల్లలు లేస్తారని కోటలో అందరికీ తెలుసు. చరణం సగం కాకుండానే సింహం తల ముందుకు వాలి, వాలి, చివరికి కువలయ కాలి బొటనవేలి వైపు చూడసాగింది.

"చూశావా, అది ఎటు చూస్తోందో," అంది మల్లికాంబ మెల్లగా. "పేలిందంటే భుజం వాచిపోతుంది. వాచిన భుజం ఉన్నవాళ్లు రెండోసారి కళ్లు మూసుకుని పేలుస్తారు. కళ్లు మూసుకుని పేల్చేవాళ్ల పక్కన నేను నిలబడను."

ఆమె ఆ సింహాన్ని పీట మీద పెట్టేసి, మూలకు వెళ్లి ఒక చిన్న తుపాకి దించింది. దానికి బంగారం లేదు, కెంపుల్లేవు. నల్లని కొయ్య, సన్నని గొట్టం. ఎప్పుడో ఒక యువరాజు కోసం చేయించి, ఆయన పెద్దవాడయ్యాక మరిచిపోయినది. కుందా మోచేతి మడతలో సరిగ్గా కూర్చుంది, వేలు మీటకు తేలిగ్గా అందింది. చెంప ఆనించగానే కన్ను గొట్టం మీదుగా తిన్నగా పోయింది. లాలిపాట చరణం పూర్తయినా మూతి చెక్కుచెదరలేదు.

కువలయకు మాత్రం ఏడుపొచ్చింది. "ఇది పిచ్చుకలా ఉంది అత్తా. అందరూ నవ్వుతారు."

"నవ్వనీ. పిచ్చుక నీ మాట వింటుంది, ఆ సింహం వినదు."

అలా ఆ తుపాకి పేరు పిచ్చుక అయింది. దండకేతుడు పైకి నవ్వాడు, లోపల కుతకుతలాడాడు. బరువు తుపాకి అయితే పిల్ల చెయ్యి వణికి, కంగారులో ముందూ వెనకా చూడకుండా పేలుస్తుందని వాడి లెక్క. ఆ లెక్క తప్పింది.

తుపాకి చేతికి వచ్చింది కదా, ఢామ్మని పేల్చుకుంటూ తిరగవచ్చనుకుంది కువలయ. మల్లికాంబ తన నడుముకు, తుపాకిమందు దాచే మందుకొమ్ము బిగించి కట్టుకుంది. "తుపాకి నీది, మందు నాది. రెండూ ఒకచోట పడుకోకూడదు. నేను ఇచ్చేదాకా దీని మీద చెయ్యి వెయ్యకు," అంది. గుండ్ల సంచి ఒక పెట్టెలో, పెట్టె తాళంచెవి ఆమె కొంగున.

వానకారు పొడుగునా కువలయ ఖాళీ తుపాకి మోసింది. తినేటప్పుడు గోడకు సరిగ్గా ఆనించడం, గుర్రం ఎక్కేటప్పుడు ముందు తుపాకి మరొకరికి ఇవ్వడం, కంచె దాటేటప్పుడు నేల మీద పెట్టి దాటి తర్వాత తీసుకోవడం, వేలును మీట మీద కాక పక్కనున్న కొయ్య మీద చాచి ఉంచడం, ఇవే పాఠాలు. "ఇది ఖాళీదే కదా అత్తా," అని ఎప్పుడన్నా గొణిగితే "ఖాళీ తుపాకి అనేది లేదు. ఉన్నది నింపిన తుపాకి ఒక్కటే," అనేది మల్లికాంబ.

వీటన్నిటికీ మించి ఒక శిక్ష పెట్టింది. పిచ్చుక మూతి పొరపాటున ఎవరి వైపు తిరిగినా, కువలయ వెళ్లి వాళ్లకు తన చేత్తో మజ్జిగ చేసి ఇవ్వాలి. మొదటి వారంలో వంటశాల అంతా మజ్జిగ తాగింది. మావటీలు తాగారు, ఏనుగు కూడా తాగింది. కొందరు పనిగట్టుకుని యువరాణి దారికి అడ్డంగా తిరిగేవాళ్లు, ఎండ ఎక్కువగా ఉన్న రోజున మరీను. క్రమంగా మజ్జిగ తగ్గింది. వానలు జోరందుకునేనాటికి కోటలో ఎవరికైనా దాహమేస్తే వాళ్లే చేసుకోవలసి వచ్చింది.

ఒకనాడు మాత్రం కువలయ ఆటగా పిచ్చుకను ఎత్తి మల్లికాంబకే గురిపెట్టి నోటితో ఢామ్మంది. మల్లికాంబ కేకలెయ్యలేదు. దగ్గరికి వచ్చి, తుపాకి మూతిని పక్కకు తిప్పి, తలగుడ్డ విప్పింది. కువలయ ఎప్పుడూ చూడని ఎడమచెవి బయటపడింది. పైభాగం లేదు, అంచంతా ముడతలు పడి ఉంది.

"మీ నాన్నకు అప్పుడు నీ ఈడే. ఖాళీ తుపాకే అనుకున్నాడు. నీలాగే నవ్వుతూ ఎత్తాడు," అంది మల్లికాంబ. "వాడు చెడ్డవాడు కాదు తల్లీ. చూసుకోలేదు, అంతే. అప్పట్నుంచి వేట నుంచి ఎప్పుడొచ్చినా ముందు నా చెవి తడిమి, ఆ తర్వాతే మాట్లాడతాడు. ముసలివాడైనా మానడు."

కువలయ మజ్జిగ చెయ్యడానికి లేచింది. చెయ్యలేకపోయింది. అత్త ఒళ్లో తల పెట్టుకుని బాగా ఏడ్చింది. నాన్న కోసం కూడా ఏడ్చింది. ఆ తర్వాత ఆమె చేతిలో పిచ్చుక మరెవరి వైపూ తిరగలేదు.

రోజూ పాఠం మొదలుపెట్టేముందు గజం వదిలి చూడాలి. ఖాళీగా ఉంటే గజం మీది గీత మూతి అంచుకు సమంగా దిగుతుంది. ఒక ఉదయం కువలయ గజం వదిలితే గీత బయటే ఆగిపోయింది.

"అత్తా, ఇది నిండి ఉంది," అంది తుపాకిని కదపకుండా.

కోటలో ఎవరో పిచ్చుకలో మందు కూరారు. ఎవరో మీరు ఊహించే ఉంటారు. అల్లరిపిల్ల, అడ్డంగా మాట్లాడే మేనత్త, నడుమ నిండిన తుపాకి. ఒక్క పొరపాటు జరిగితే మల్లికాంబ పీడ విరగడవుతుందని దండకేతుడు ఆశపడ్డాడు. మల్లికాంబ తలుపు గడియ పెట్టింది. మరచుట్టు తిరిగిన ముల్లున్న కడ్డీని గజం చివర బిగించి, "ఇటు చూడు, ఇది నీకు ఇంకెవరూ నేర్పరు," అంది. తుపాకి మూతికి మొహం అడ్డం పెట్టకుండా పక్కన నిలబడి, ముల్లును గుండులోకి తిప్పి, మెల్లగా లాగింది. సీసపు గుండు బయటికి వచ్చింది. తర్వాత మందు పళ్లెంలోకి రాలింది.

"ఇది పాపం కదా అత్తా. రాజ్యానికి కీడంటారు."

"నేను చేసే పాపాల్లో ఇదొక్కటే రోజూ చేసేది," అంది మల్లికాంబ. "ఇన్నేళ్లుగా దించుతున్నా. కీడు రాలేదు, సేనాపతి గొడుగులు మాత్రం మిగిలాయి. కానీ బయట అనకు. పట్టం కట్టవలసిన బిడ్డ తొలివేటలో గుండును మృగం మీద తప్ప ఇంకెక్కడ పేల్చినా, ఇలా దించినా పట్టం పోతుంది. అది శాసనం, నా చేతుల్లో లేదు."

మందు కూరిందెవరో మల్లికాంబ ఎంత ఆరా తీసినా తేలలేదు. శరత్తు వచ్చింది. తొలివేటకు అడవికి బయలుదేరారు. యువరాణి పక్కన సాక్షిగా వేటదొర ఒక్కడే, అదీ ఆయుధం లేకుండా ఉండాలని నియమం. మిగతావాళ్లు దూరంగా ఆగాలి. దారి పొడుగునా దండకేతుడి మాయలు అడ్డుపడ్డాయి. సెలయేరు ఉన్నట్టుండి పొంగింది. గుర్రం కాలు జారింది. కువలయ నీళ్లలో పడింది, పిచ్చుక మూతి మాత్రం ఆకాశం వైపే లేచి ఉంది. ఒడ్డెక్కగానే తేనెటీగలు ముసిరాయి. పచ్చి ఆకుల పొగ వేసి తప్పించుకున్నారు. వెదురు పొదల్లో కొండచిలువ దారికి అడ్డంగా పడుకుంది. మల్లికాంబ దాన్ని కర్రతో పక్కకు తోసి, నీ దారిన నువ్వు పో అంది. అది పోయింది. మధ్యాహ్నం దాటేసరికి రాళ్లలోయ అంచుకు చేరారు.

అడవి అక్కడ ఎంతో అందంగా ఉంది. మోదుగుల కింద గడ్డి పసుపుపచ్చగా నిండి గాలికి అలలు పోతోంది. దూరంగా లోయలో మంచు పలచగా తేలుతోంది. మల్లికాంబ ఒక గుండుకు, ఒక్కదానికే, మందు కొలిచి ఇచ్చింది. కువలయ తన చేత్తో నింపింది. గొట్టం పక్కనున్న చిన్న గిన్నెలో మందుపొడి వేసి మూత పెట్టి, మీట లాగితే దానికి నిప్పంటించే వత్తిని ముట్టించింది.

"నేను ఆ కుడివైపు బండ మీద కూర్చుంటా. ఎర్ర తలగుడ్డ నీకు కనబడుతూనే ఉంటుంది," అంది మల్లికాంబ. "పేల్చేముందు ఏం చూసుకోవాలి?"

"ఏం కనబడుతోంది. దాని వెనక ఏముంది. నాతో వచ్చినవాళ్లు ఎక్కడున్నారు."

"మూడిట్లో ఒక్కటి తెలియకపోయినా?"

"వేలు కొయ్య మీదే."

మల్లికాంబ వెళ్లి బండ మీద కూర్చుంది. కువలయ రాయి చాటున మోకాలి మీద కూర్చుంది, పక్కన దండకేతుడు. చాలాసేపు ఏమీ రాలేదు. పొద్దు పడమటికి జారింది. అప్పుడు దండకేతుడు పెదవులు కదపకుండా ఒక మంత్రం చదివాడు. అవతల పొదల్లోంచి సన్నగా, మల్లికాంబ కుడిచెవికి మాత్రమే వినపడేలా, కువలయ గొంతుతో ఏడుపు లేచింది. అత్తా, పడిపోయాను అత్తా, అని. మల్లికాంబ నిండు తుపాకితో పరిగెత్తే మనిషి కాదు. తన తుపాకిని బండ మీదే వదిలి ఆ గొంతు వెంట పొదల్లోకి దూకింది.

అదే క్షణంలో ఆ పొదల ముందుకు మనుబోతు వచ్చి నిలబడింది.

ఎంత పెద్ద మృగమో. బూడిదనీలం ఒళ్లు, పొట్టి కొమ్ములు, మెడలో నల్లని గీత. అది కువలయ వైపే తిన్నగా చూసింది. పారిపోలేదు.

"ఇదే అదను యువరాణీ," అన్నాడు దండకేతుడు చెవి దగ్గర. "ఇంత మంచి వేట మళ్లీ రాదు. రొమ్ముకు గురిపెట్టు."

కువలయ గురిపెట్టింది. చెంప కొయ్యకు ఆనింది. కన్ను గొట్టం మీదుగా పోయి రొమ్ము మీద ఆగింది. ఏం కనబడుతోంది? మనుబోతు. వెనక ఏముంది? పొదలు. పొదల్లో ఏముంది? తెలియదు. నాతో వచ్చినవాళ్లు? ఆమె కుడివైపు బండ చూసింది. ఎర్ర తలగుడ్డ లేదు.

"అత్త ఎక్కడుంది?"

"ఎక్కడో ఉంటుంది. ముందు పేల్చు."

"అత్త ఎక్కడుందో నాకు తెలియాలి."

"పొద్దు పోతోంది," అన్నాడు దండకేతుడు. వాడి గొంతులో తేనె తగ్గిపోయింది. "నింపిన తుపాకి ఇంటికి రాకూడదు. ఇప్పుడు పేల్చకపోతే పట్టం పోతుంది. మీ నాన్న పేరు పోతుంది. సింహాసనం మీద ఆ తలపాగా ఇంకెవరిదో అవుతుంది. అది ఒప్పుకుంటావా?"

కువలయ ఒప్పుకోలేదు. తండ్రి తలపాగా మీద ఇంకొకరి చెయ్యి పడుతుందన్న మాట ఆమెకు గుచ్చుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. మనుబోతు ఇంకా అక్కడే ఉంది. బండ మీద ఇంకా ఎవరూ లేరు.

ఆమె వేలు కొయ్య మీదే ఉండిపోయింది. మూతిని పక్కనున్న మట్టిగట్టుకు తిప్పి, కాలుతున్న వత్తిని ఊడదీసి, దూరంగా ఒక రాతి మీద పెట్టి వచ్చింది. గిన్నెలోని మందుపొడిని ఊదేసింది. అత్త తన నడుముకు కట్టి పంపిన ముల్లుకడ్డీ తీసి గజానికి బిగించింది. మూతికి పక్కగా నిలబడడం మరిచిపోలేదు. గుండు బయటికి వచ్చింది. మందు ఆకులో రాలింది.

"నేను దించేశాను," అంది కువలయ వెక్కుతూ. "పట్టం పోతే పోనీ. మీరే సాక్షి, వెళ్లి చెప్పండి."

శరభగిరి పుట్టాక ఇలా చేసిన రాజబిడ్డ లేదు. అన్నిటికీ ఏదో ఒక మాయ ఉన్న దండకేతుడి దగ్గర దీనికి మాత్రం మాయ లేదు.

అంతలో పొదలు కదిలాయి. ముళ్లకు చీర చిరిగి, తలగుడ్డ ఎక్కడో చిక్కుకుపోయి, రొప్పుతూ మల్లికాంబ బయటికి వచ్చింది. సరిగ్గా మనుబోతు వెనకనుంచి. గుండు వెళ్లవలసిన దారిలోనుంచి. కువలయ ఆ దారిని ఒకసారి కళ్లతో కొలిచి చూసుకుంది. పిచ్చుకను నేల మీద పెట్టి అక్కడే కూర్చుండిపోయింది.

మనుబోతు మెల్లగా వెనక్కి తిరిగింది. మల్లికాంబ దగ్గరికి నడిచింది. తల వంచి, తడి ముట్టెతో ఆమె తెగిన ఎడమచెవిని తడిమింది. ఒకసారి తడిమి ఊరుకుంది, ఎప్పటిలాగే.

మల్లికాంబ కదల్లేదు. "తమ్ముడూ," అంది చాలా నెమ్మదిగా. మృగం కళ్లలోంచి నీళ్లు కారాయి. ఆమె చెయ్యి దాని మెడ నిమురుతూ నల్లదారం మీద ఆగింది. "ఎవడు కట్టాడిది?" అంటూ వేళ్లతో ముడి కోసం వెతికింది.

ముడి దొరికితే అంతా అయిపోయేది. దండకేతుడు ఒక్క అరుపు అరిచాడు. పులితోలు భగ్గున మండి బూడిదయింది, మీసం రాలిపోయింది, అంగరఖాలోంచి నల్లని పొగ సుడి తిరిగి లేచింది. పొగలోంచి ఎడ్లబండంత గద్ద బయటపడి ఈదురుగాలిలా దూసుకొచ్చింది. రెక్క తగిలి మల్లికాంబ అంత దూరాన పడింది. గోళ్లతో ఆ దారాన్ని కొమ్ముల మీదుగా ఎగరేసి లాక్కుని గద్ద పైకి లేచింది.

"ఈ ముడి ధూమగుహ నిప్పులో పడనీ," అంది గద్ద మనిషి గొంతుతో. "ఇక మీ రాజు జన్మంతా గడ్డి మేస్తాడు."

అంత పెద్ద ఒళ్లు తొందరగా పైకి లేవలేకపోయింది. గాలి అందక లోయ మీద సుడులు తిరుగుతూ ఎత్తు సంపాదించుకుంటోంది. మల్లికాంబ తుపాకి ఎక్కడో బండ మీద ఉంది. ఆమె లేచి, కుంటుతూ కువలయ ఎడమవైపుకు వచ్చింది, మనుబోతు కూడా ఆమె వెంటే వచ్చి నిలబడింది. నడుమునుంచి మందుకొమ్ము విప్పి, ఇన్నాళ్లలో మొదటిసారి, పిల్ల చేతిలో పెట్టింది.

"నింపు," అంది. "తొందరపడకు."

కువలయ లేచి పిచ్చుకను అందుకుంది, తొందరపడలేదు. గద్ద ఒక చుట్టు తిరిగింది, ఆమె మందు కొలిచి పోసింది. గద్ద ఇంకో చుట్టు తిరిగింది, ఇందాక తీసిన గుండే వేసి గజంతో కూరింది, గీత చూసుకుంది. గజం బయటికి తీసి పక్కన పెట్టింది. గిన్నెలో మందుపొడి చల్లి మూత వేసింది. అన్నీ అయ్యాకే రాతి మీద ఇంకా కాలుతున్న వత్తిని తెచ్చి బిగించి, మూత తెరిచింది. చెంప కొయ్యకు ఆనింది. పిచ్చుక మూతి చెక్కుచెదరలేదు.

"ఏం కనబడుతోంది?" అంది మల్లికాంబ.

"గద్ద. కాళ్లలో నల్లదారం."

"వెనక?"

"ఆకాశం. దాని కింద వట్టి రాళ్లలోయ."

"నీతో వచ్చినవాళ్లు?"

కువలయ తల తిప్పలేదు. ఆమెకు ఇప్పుడు చూడనక్కర్లేదు.

"నువ్వు నా ఎడమవైపు. నాన్న నీ పక్కన."

ఆమె వేలు కొయ్య మీదనుంచి లేచి మీట మీదికి వెళ్లింది.